టేకు ఆకుతినే పురుగు: శత్రు కీటకాలను, ఆతిథేయ వృక్షాలను గుర్తించి నమోదు చేసే సమగ్ర మార్గదర్శి

తొలి వానలకు టేకు చిగురు విచ్చుకున్న కొద్ది రోజులకే తోటలో ఆకులన్నీ పోయి ఈనెలు మాత్రమే మిగిలితే, చాలామందికి తోచే మొదటి ప్రశ్న ఏ మందు కొట్టాలన్నదే. అయితే ఆ పురుగును ఏడాది పొడవునా తింటున్నవి ఏవి, టేకుపై లేతాకు లేని నెలల్లో ఆ పురుగు ఎక్కడ బతుకుతోంది, దాన్ని తినేవి ఎక్కడ తలదాచుకుంటున్నాయి అన్న మూడు సంగతులు తెలియకుండా తీసుకునే ఏ నిర్ణయమైనా గుడ్డిదే అవుతుంది. ఈ మూడింటినీ సొంతంగా పరిశీలించి నమ్మదగిన జాబితాగా రాసుకోవడం ఎలాగో ఈ మార్గదర్శి చెబుతుంది. అటవీశాస్త్ర విద్యార్థులు, అటవీ సిబ్బంది, సొంత భూమిలో టేకు పెంచుతున్న రైతులు ఈ పనిని ఖరీదైన పరికరాలు లేకుండానే చేయవచ్చు. పని మొత్తానికీ ఆధారమైన నియమం ఒక్కటే: మనం పెంచిన పురుగు శరీరం నుంచి బయటికి వచ్చిన పరాన్నజీవిని, లేదా పురుగును నోట పట్టుకుని తింటూ కంటపడిన కీటకాన్ని మాత్రమే శత్రువుగా రాయాలి. ఆ చెట్టు మీద తిరుగుతూ కనిపించినంత మాత్రాన ఏ కీటకాన్నీ జాబితాలోకి ఎక్కించకూడదు.

మొదటి మెట్టు: ఏ పురుగో నిర్ధారించుకోవడం

టేకు ఆకును తినే రెక్కల పురుగుల్లో ముఖ్యమైనవి రెండు. వీటిని కలిపేసి రాసిన జాబితా ఎందుకూ పనికిరాదు. మొదటిది హైబ్లియా ప్యూరా. దీని రెక్కల పురుగు చిన్నది. ముందు రెక్కలు బూడిద కలిసిన గోధుమ రంగులో ఉండి, వాలినప్పుడు ఇంటి పైకప్పులా వెనుక రెక్కలను కప్పేస్తాయి. ఎగిరినప్పుడు మాత్రం వెనుక రెక్కల నల్లని నేల మీద నారింజ పసుపు మచ్చలు మెరుస్తాయి. దీని లార్వా, అంటే గొంగళి పురుగు, లేతాకును అంచు నుంచి తింటూ నడిమి ఈనెను, పెద్ద పక్క ఈనెలను మాత్రమే మిగులుస్తుంది. రెండవది పాత గ్రంథాల్లో యూటెక్టోనా మాకెరాలిస్ అని కనిపించే జల్లెడ పురుగు. ఇది ముదిరిన ఆకుల్లో ఈనెల మధ్య ఉన్న పచ్చని కండను గీరి తింటుంది. సన్న ఈనెల వలంతా చెక్కుచెదరకుండా మిగిలి, ఆకు ఎండి గోధుమ రంగు జల్లెడలా వేలాడుతుంది. మొదటి పురుగు ఉద్ధృతి చిగురు కాలంలోనూ, రెండవదాని ఉద్ధృతి వానాకాలం చివరి నుంచి ఆకు రాలే దాకానూ కనిపించడం సాధారణం.

నష్టంలోనూ ఈ రెండింటికీ పోలిక లేదు. కేరళ అటవీ పరిశోధన సంస్థ నీలంబూరులో 4 నుంచి 8 ఏళ్ల వయసున్న టేకు తోటల్లో చేసిన అధ్యయనంలో, హైబ్లియా దాడి వల్ల రావలసిన కలప పరిమాణ వృద్ధిలో 44 శాతం కోల్పోతున్నట్లు తేలింది. జల్లెడ పురుగు వల్ల చెప్పుకోదగ్గ వృద్ధి నష్టం కనిపించలేదు. కాబట్టి ఇకమీద ఇక్కడ చెప్పేదంతా హైబ్లియా గురించే. జల్లెడ పురుగుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది గానీ, దానికి విడిగా పుస్తకం పెట్టుకోవాలి.

రెండవ మెట్టు: పురుగు జీవితచక్రాన్ని బట్టి రాకపోకలు నిర్ణయించుకోవడం

తల్లి పురుగు లేతాకు అడుగుభాగంలో, ఈనెల పక్కన, ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. ఒక్క ఆడ పురుగు కొన్ని వందల గుడ్లు పెట్టగలదు. వెచ్చని, తేమ గల వాతావరణంలో గుడ్డు రెండు రోజుల్లోనే పగులుతుంది. లార్వా అయిదు దశల్లో ఎదుగుతుంది. అనుకూల వాతావరణంలో దీనికి 10 నుంచి 12 రోజులు, తిండి మాని రెక్కల పురుగుగా మారే ప్యూపా దశకు మరో వారం వరకు పడుతుంది. అంటే మొత్తం కథ సుమారు మూడు వారాల్లో ముగిసిపోతుంది. వారానికి ఒకసారి తోటకు వెళ్లేవారికి గుడ్డు దశ అసలు కనిపించకపోవచ్చు. చిగురు మొదలైనప్పటి నుంచి ఆకు ముదిరే వరకు మూడు రోజులకు ఒకసారైనా వెళ్లాలి. ఆ తర్వాత నెలకు రెండుసార్లు చాలు.

తొలి రెండు దశల్లో లార్వా ఆకు పైపొరను గీరి తింటుంది. తర్వాత ఆకు అంచున చిన్న ముక్కను రెండు వైపులా కత్తిరించి, మడిచి, పట్టుదారంతో అతికించి, ఆ మడత లోపల దాక్కుని తింటుంది. ఈ మడతే ఈ పనికి మంచి గుర్తు. కింద నిలబడి తలెత్తి చూస్తే, వెలుతురుకు ఎదురుగా ఆకు అంచున గోరంత ముదురు నీడ కనిపిస్తుంది. ఆ ఆకును వంచి మడతను వేలితో విప్పితే లోపల లార్వా వెనక్కి మెలికలు తిరుగుతూ జారి, సన్నని దారం పట్టుకుని వేలాడుతుంది. ఉద్ధృతి ఎక్కువగా ఉన్నప్పుడు తలెత్తి చూడవలసిన అవసరం కూడా ఉండదు, ఎందుకంటే వాటి విసర్జన గుళికలు ఎండుటాకుల మీద చిటపటమంటూ రాలుతూనే ఉంటాయి. పూర్తిగా ఎదిగిన లార్వా దారంతో నేలకు దిగి, రాలిన ఆకుల కింద పలుచని గూడు అల్లుకుని ప్యూపాగా మారుతుంది.

దాడి మొదలయ్యే తీరు కూడా గమనించదగినది. కేరళ పరిశీలనల్లో ఉద్ధృతి తోట మొత్తంలో ఒకేసారి మొదలవదని, ముందుగా హెక్టారు అటూ ఇటూ ఉండే చిన్న చిన్న మడుల్లో మొదలై, తర్వాతి తరంలో విస్తరిస్తుందని తేలింది. పైగా ప్యూపా నుంచి వెలువడిన రెక్కల పురుగులు ఆకులేని ఆ చోట నిలవకుండా, లేతాకు దొరికే మరో చోటికి ఎగిరిపోతాయి. వాటిని తినే పరాన్నజీవులు మాత్రం చాలావరకు వెనకబడిపోతాయి. సహజ శత్రువులు అన్ని రకాలు ఉన్నా ఉద్ధృతి ఎందుకు ఆగదన్న ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, తక్కువ పురుగు ఉన్న నెలల్లో చేసే సేకరణకు ఉద్ధృతి సమయంలో చేసే సేకరణకంటే ఎక్కువ విలువ ఎందుకో అర్థమవుతుంది.

మూడవ మెట్టు: అనుమతి, పటం, చెట్ల జాబితా

రిజర్వు అడవిలో ఏ కీటకాన్ని సేకరించాలన్నా అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. అభయారణ్యాల్లోనూ జాతీయ పార్కుల్లోనూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిబంధనలు అదనంగా వర్తిస్తాయి. సొంత తోటలో పని చేసుకునేవారికి ఈ ఇబ్బంది లేదు.

తర్వాత తోట చుట్టూ కనీసం అర కిలోమీటరు దూరం నడిచి, హైబ్లియా తినగల చెట్లు, పొదలు ఎక్కడున్నాయో చేతిపటం మీద గుర్తించాలి. టేకుకు దగ్గరి చుట్టాలైన వావిలి, నెమలి అడుగు వంటి వైటెక్స్ జాతులు, నెల్లి వంటి ప్రెమ్నా జాతులు, కాలికార్పా జాతులు ముందు చూడవలసినవి. పాత అటవీ గ్రంథాలు టేకును, వీటన్నిటినీ వెర్బినేసి కుటుంబంలో చూపుతాయి. ఇప్పుడు వీటిని తులసి కుటుంబమైన లామియేసిలో చేర్చారు కాబట్టి జాబితాలు పోల్చేటప్పుడు తికమక పడకూడదు. రెండవ పెద్ద గుంపు బిగ్నోనియేసి కుటుంబం: ఆకాశమల్లె, దుండిలం, రోడ్ల పక్కన అలంకారానికి నాటే టబెబుయా, టెకోమా, ఎర్రని పూల స్పాథోడియా. మూడవది చాలామంది ఊహించనిది. సముద్రతీరపు మడ అడవుల్లోని అవిసీనియా చెట్లను కూడా హైబ్లియా విస్తారంగా తింటుంది. కోరింగ వంటి మడ అడవుల దగ్గర పని చేసేవారు ఈ చెట్టును జాబితాలో తప్పక చేర్చుకోవాలి. గుమ్ముడు టేకు పేరులో టేకు ఉన్నా, దాని ఆకులకు చిల్లులు కనిపిస్తే ముందుగా కలోపెప్లా అనే పెంకు పురుగును అనుమానించాలి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఉద్ధృతిలో ఆకు అయిపోయినప్పుడు వేలాది లార్వాలు దారాలతో కిందికి దిగి, అడుగున ఉన్న ఏ మొక్క మీద పడితే దాన్ని కొరికి చూస్తాయి. ఆకలితో కొరికిన మొక్క ఆతిథేయి, అంటే పురుగు సహజంగా తిని పెరిగే మొక్క, కాదు. అందుచేత ప్రతి మొక్కకూ మూడు స్థాయిల్లో సాక్ష్యం రాసుకోవడం మంచిది. మొక్క మీద లార్వా కనిపించడం మొదటి స్థాయి. ఇది అనుమానం మాత్రమే. ఆ మొక్క ఆకు మీదనే గుడ్లు, తొలిదశ లార్వాలు కనిపించడం రెండవ స్థాయి. తల్లి పురుగు ఆ మొక్కను ఎంచుకుందని దీనివల్ల తెలుస్తుంది. ఆ మొక్క ఆకు మాత్రమే పెట్టి తొలిదశ నుంచి పెంచిన లార్వా ప్యూపాగా, రెక్కల పురుగుగా మారడం మూడవ స్థాయి. మూడవ స్థాయి దాటిన మొక్కనే జాబితాలో ఆతిథేయిగా రాయాలి. మిగిలినవాటిని పక్క పేజీలో ఉంచాలి. పెంచి చూసేటప్పుడు లేతాకే ఇవ్వాలి, ఎందుకంటే అప్పుడే పుట్టిన లార్వాలు ముదురాకు మీద నిలదొక్కుకోలేవు. ముదురాకు పెట్టి చనిపోయిన లార్వాను చూసి ఆ చెట్టు ఆతిథేయి కాదని తేల్చేయడం తప్పు.

నాల్గవ మెట్టు: సేకరణ

కావలసినవి ఒక దోటి, పలుచని పాత దుప్పటి, మెత్తని కుంచె, చిన్న కత్తెర, మూతికి గుడ్డ కట్టగల చిన్న డబ్బాలు, పెన్సిలు, కాగితపు చీటీలు. పెన్ను వాడకూడదు, తేమకూ ఆల్కహాలుకూ సిరా చెరిగిపోతుంది. ప్రతి చీటీ మీద తేది, స్థలం, చెట్టు పేరు, ఆకు ఎంత ఎత్తు నుంచి తీసినది, లార్వా ఏ దశలో ఉన్నది రాయాలి. చెట్టు పేరు రాయని సేకరణను మళ్లీ ఎవరూ బాగు చేయలేరు.

సేకరణలో అన్ని దశలనూ విడివిడిగా తీసుకోవడమే కీలకం. కొన్ని కందిరీగ జాతి పరాన్నజీవులు చిన్న లార్వాలో గుడ్డు పెట్టి, అది సగం ఎదగకముందే చంపేస్తాయి. అలాంటివి పెద్ద లార్వాలను మాత్రమే సేకరించేవారికి ఎప్పటికీ దొరకవు. పిల్ల దశలో లార్వా లోపల పెరిగే టాకినిడ్ ఈగల్లో చాలావాటికి ఎదిగిన లార్వాలు కావాలి. చిన్న లార్వాలను ముందే ఇంటికి తెచ్చేస్తే ఆ ఈగలకు వాటిని చేరే అవకాశమే ఉండదు. ప్యూపాను మాత్రమే వెతికే బ్రాకిమీరియా కందిరీగల వంటివి నేల మీది ఆకుతుక్కులో తప్ప కనిపించవు. అందువల్ల ఒక విడతలో గుడ్లున్న ఆకులు కొన్ని, చిన్న లార్వాలు, మడతల్లోని మధ్యదశ లార్వాలు, నేలకు దిగబోయే పెద్ద లార్వాలు, ప్యూపాలు ఒక్కో గుంపుకు కనీసం 50 చొప్పున తీసుకుంటే లెక్కకు నిలుస్తుంది. తక్కువ పురుగున్న నెలల్లో అన్ని దొరకవు, దొరికినన్ని చాలు.

లార్వాను వేళ్లతో పట్టి లాగకూడదు. మడత ఉన్న ఆకు ముక్కను కత్తెరతో కత్తిరించి, మడత విప్పకుండానే డబ్బాలో పెట్టాలి. ప్యూపాల కోసం చెట్టు కింద ఒక చదరపు మీటరు చోటు కొలిచి, ఆకుతుక్కును పొరలు పొరలుగా దుప్పటి మీదికి ఎత్తి వెతకాలి. చిల్లుపడిన ఖాళీ ప్యూపాలనూ ఏరుకోవాలి. రెక్కల పురుగు వెలువడిన ప్యూపా తలవైపు పొర సహజమైన అతుకుల వెంబడి విచ్చుకుంటుంది. కందిరీగ నమిలి వెలువడిన ప్యూపాకు అంచులు చిందరవందరగా ఉన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఈ తేడాను గుర్తుపట్టడం అలవడితే, ఖాళీ పొరలను చూసే గడిచిన వారాల కథ చెప్పవచ్చు.

అయిదవ మెట్టు: పెంపకం

ఒక్కో డబ్బాలో ఒక్క లార్వానే ఉంచాలి. ఇది విసుగు పుట్టించే నియమమే అయినా దీనికి ప్రత్యామ్నాయం లేదు; పదింటిని కలిపి పెంచితే బయటికి వచ్చిన ఈగ ఏ లార్వా నుంచి వచ్చిందో తెలియదు, ఒకదానికి జబ్బు చేస్తే అన్నింటికీ అంటుకుంటుంది. డబ్బా అడుగున మడిచిన వార్తాపత్రిక ముక్క, దానిపై కాడకు తడి దూది చుట్టిన లేతాకు పెట్టాలి. ఆకు రోజూ మార్చాలి, విసర్జన తీసేయాలి. డబ్బా గోడలకు నీటి బొట్లు పడితే గాలి చాలడం లేదని అర్థం. వెంటనే మూత తీసి గుడ్డ కట్టాలి. ఒక డబ్బా నుంచి మరొకదానికి వెళ్లేటప్పుడు కుంచెను పలుచని బ్లీచింగ్ ద్రావణంలో ముంచి, మంచినీటితో కడగాలి.

లార్వా అయిదవ దశకు చేరాక డబ్బాలో రెండు మూడు సెంటీమీటర్ల మందాన జల్లించిన తడిమట్టి, కొన్ని ఎండుటాకు ముక్కలు వేయాలి. లార్వాకు ప్యూపాగా మారడానికి ఇవి ఎంత అవసరమో, లోపల టాకినిడ్ ఈగ పిల్ల ఉంటే దానికీ అంతే అవసరం; బయటికి వచ్చిన పిల్ల మట్టిలో దూరి గట్టిపడుతుంది. పొడి డబ్బాలో అది ఎండి చనిపోతే, ఆ లార్వాను కారణం తెలియని మరణంగా రాసుకోవలసి వస్తుంది.

రెక్కల పురుగులన్నీ వెలువడ్డాక డబ్బాలు కడిగేయాలన్న తొందర చాలామందికి ఉంటుంది. మిగిలిన ప్యూపాలను ఇంకో నెల రోజులైనా ఉంచాలి, ఎందుకంటే కొన్ని పరాన్నజీవులు తమ ఆతిథేయి కన్నా చాలా ఆలస్యంగా వెలువడతాయి.

ఆరవ మెట్టు: వెలువడినదాన్ని గుర్తించడం

లోపలి నుంచి వచ్చినదాన్ని ముందు కుటుంబం వరకు గుర్తించగలిగితే చాలు. గుడ్లు నల్లబడితే వాటిలో ట్రైకోగ్రామా వంటి అతిచిన్న గుడ్డు పరాన్నజీవి ఉండవచ్చు. ఆకు మడతలో వాడి కదలని చిన్న లార్వా, దాని శరీరం బయటే అంటుకుని పీలుస్తున్న తెల్లని పిల్లలు కనిపిస్తే యూలోఫిడే కుటుంబం అనుకోవచ్చు. హైబ్లియాపై నమోదైన సింపీసిస్ హైబ్లియే ఈ కుటుంబానిదే. లార్వా పక్కన ఆకుకు అంటుకుని తెల్లని పట్టు గూళ్లు కనిపిస్తే బ్రాకోనిడే కుటుంబపు అపాంటెలిస్ తరహా కందిరీగలు. పొడవైన మీసాలు, సన్నని నడుము ఉండి, ఒంటరిగా గూడు కట్టుకునేవి చాలావరకు ఇక్న్యూమోనిడే కుటుంబానివి. హైబ్లియాపై ఎరిబోరస్ గార్డ్‌నెరై అనే జాతి నమోదైంది.

టాకినిడ్ ఈగ పడిన లార్వా మీద కొన్నిసార్లు తెల్లని గుడ్డు పెంకు, లేదా పిల్ల ఊపిరి పీల్చుకునే చోట నల్లటి చుక్క కనిపిస్తుంది. మట్టిలో దొరికే దాని కోశం పీపా ఆకారంలో, ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. టేకు తోటల్లో ఎక్కువగా దొరికే పాలెక్సోరిస్టా సొలెన్నిస్ ఈ రకపు ఈగే. ప్యూపా నుంచి నల్లని, దిట్టమైన, వెనుక తొడలు ఉబ్బి వాటి మీద పసుపు మచ్చలున్న కందిరీగ వస్తే అది బ్రాకిమీరియా. వీటిలో బ్రాకిమీరియా లాసస్ అనేక రకాల సీతాకోకచిలుకల, రెక్కల పురుగుల ప్యూపాలపై బతికే జాతి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. వెలువడిన ప్రతి కందిరీగా మిత్రుడు కాదు. అపాంటెలిస్ గూటి నుంచో టాకినిడ్ కోశం నుంచో వచ్చిన చిన్న కందిరీగ, పరాన్నజీవి మీద బతికే పరాన్నజీవి కావచ్చు. అంటే మనకు శత్రువు. దీన్ని కనిపెట్టాలంటే గూళ్లను, కోశాలను లార్వా శవం నుంచి వేరు చేసి, ఒక్కోదాన్ని ఒక్కో గాజు గొట్టంలో ఉంచాలి. కలిపి ఉంచినవారి జాబితాల్లో ఇలాంటి కందిరీగలు మిత్ర పురుగులుగా చేరిపోతుంటాయి.

వెలువడిన కీటకాన్ని రెక్కలు పూర్తిగా విచ్చుకుని రంగు తేలే వరకు ఒక రోజు బతకనివ్వాలి. తర్వాత చిన్న కందిరీగలను 70 శాతం ఆల్కహాలులో, ఈగలను సూదికి గుచ్చి పొడిగా భద్రపరచాలి. ఖాళీ గూడు, కోశం, లార్వా తలపెంకు కూడా అదే గుర్తు సంఖ్యతో జతపరచాలి. జాతి నిర్ధారణను నిపుణులకే వదిలేయడం మేలు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో అటవీ కీటకాల పెద్ద సేకరణ ఉంది, బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉంది, హైదరాబాదు శివారు దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. పంపే ముందు ఆయా సంస్థల నిబంధనలు అడిగి తెలుసుకోవాలి.

ఏడవ మెట్టు: పట్టి తినేవాటిని గమనించడం

పరాన్నజీవులకు పెంపకం సాక్ష్యమైతే, పట్టి తినేవాటికి కంటి చూపే సాక్ష్యం. ఎండ ఎక్కకముందు, మళ్లీ సాయంత్రం, ఒక్కో చెట్టు దగ్గర పావుగంట కదలకుండా నిలబడి చూడాలి. టేకుపై ముఖ్యంగా కనిపించేది ఇయోకాంథెకోనా ఫర్సెల్లేటా అనే భక్షక నల్లి. ఇది తన ముక్కును లార్వా శరీరంలో గుచ్చి, అది తలకిందులుగా వేలాడుతున్నా వదలకుండా పీలుస్తుంది. పాత గ్రంథాల్లో దీని పేరు కాంథెకోనా అని ఉంటుంది. సైకానస్ వంటి రెడువిడ్ నల్లులు, గొల్లభామ జాతులు, ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు, లార్వాను ముద్ద చేసి గూటికి మోసుకుపోయే కందిరీగలు మిగిలినవి. చీమలు చనిపోయిన లార్వాలను కూడా మోసుకుపోతాయి కాబట్టి, లార్వా కదులుతుండగా పట్టడం చూస్తేనే రాయాలి. గోరువంకలు, కాకులు, ఏట్రింతలు ఉద్ధృతి సమయంలో గుంపులుగా దిగి తింటాయి. అవి కీటకాలు కాకపోయినా పక్కన రాసుకోవడం మంచిదే.

ఇయోకాంథెకోనా విషయంలో మరో మాట. ఉత్తర తెలంగాణ గోదావరి తీరపు అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులను పెంచే గ్రామాలున్నాయి. టేకుపై మిత్రుడైన ఈ నల్లి దసలి పురుగులకు పెద్ద శత్రువు. చెన్నూరు, మహదేవపూర్ వంటి ప్రాంతాల దగ్గర దీన్ని పెంచి వదలాలన్న ఆలోచన ఎంత మాత్రమూ తగదు.

ఎనిమిదవ మెట్టు: జబ్బుతో చనిపోయినవాటిని వేరు చేయడం

లార్వా పాలిపోయి, మెత్తబడి, వెనుక కాళ్లతో ఆకును పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, తాకగానే చర్మం చిట్లి ద్రవం కారితే అది వైరస్ మరణం. హైబ్లియాకు ప్రత్యేకమైన న్యూక్లియర్ పాలిహెడ్రోసిస్ వైరస్‌ను కేరళ శాస్త్రవేత్తలు 1980ల్లో గుర్తించి, తర్వాత నీలంబూరు తోటల్లో పిచికారీ చేసి పరీక్షించారు. చనిపోయి గట్టిపడి తెల్లని బూజు కప్పిన లార్వా శిలీంధ్రం వల్ల పోయింది. వీటిని పరాన్నజీవుల లెక్కలో కలపకుండా వేరే గడిలో రాయాలి. పెంపకం గది నుంచి ఆ డబ్బాలను వెంటనే తీసేయాలి.

తొమ్మిదవ మెట్టు: శాతం లెక్కించడం

సేకరించిన 60 లార్వాల్లో 8 కారణం తెలియకుండా చనిపోయాయి, 39 రెక్కల పురుగులయ్యాయి, 13 నుంచి పరాన్నజీవులు వచ్చాయి అనుకుందాం. కారణం తెలియని 8 తీసేస్తే మిగిలినవి 52. వాటిలో 13 అంటే 25 శాతం. ఒకే లార్వా నుంచి ఇరవై కందిరీగలు వచ్చినా దాన్ని ఒక లార్వాగానే లెక్కించాలి. వేర్వేరు దశల శాతాలను కలిపి కూడకూడదు, ఎందుకంటే చిన్న దశలో చనిపోయినది పెద్ద దశకు చేరనే లేదు. దశకొక వరుస, చెట్టుకొక వరుస, నెలకొక పేజీ పెట్టుకుంటే, వావిలి మీది లార్వాల్లో ఎంత శాతం, అదే నెలలో టేకు మీది లార్వాల్లో ఎంత శాతం అని పక్కపక్కన పోల్చవచ్చు. ఈ జాబితా మొత్తానికీ విలువ ఇచ్చేది ఆ పోలికే.

పదవ మెట్టు: జాబితాను తోట నిర్వహణకు వాడుకోవడం

బ్రిటిష్ కాలపు అటవీ కీటక శాస్త్రవేత్తలు టేకు తోటలను విశాలమైన ఏకపంటగా కాక చిన్న ఖండాలుగా విభజించి, మధ్యలో సహజమైన అడవి పట్టీలు వదలాలని సూచించారు. ఆ పట్టీల్లో పురుగుకు తిండి అయ్యే మొక్కలను తగ్గించి, హాని చేయని ఇతర గొంగళి పురుగులకు తిండి అయ్యే మొక్కలను ఉంచాలన్నది వారి ఆలోచన. ఉదాహరణకు రేల చెట్టు మీద కాటోప్సిలియా సీతాకోకచిలుకల గొంగళి పురుగులు పెరుగుతాయి. టేకు పురుగు లేని నెలల్లో అనేక జాతులపై బతకగల పరాన్నజీవులకు అలాంటివి ఆధారం కాగలవు. ఈ పద్ధతి ఉద్ధృతిని ఆపుతుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. దూరం నుంచి ఒక్క రాత్రిలో వచ్చి వాలే రెక్కల పురుగుల సంతానాన్ని స్థానిక పరాన్నజీవులు రెండు వారాల్లో అందుకోలేవు. పట్టీల వల్ల ఆశించదగిన ప్రయోజనం ఉద్ధృతుల మధ్య కాలంలో పురుగును తక్కువ స్థాయిలో ఉంచడమే. ఈ మాత్రానికే అవి విలువైనవని నా అభిప్రాయం.

గట్ల మీది వావిలిని కొట్టేయాలా ఉంచాలా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. పుస్తకపు మాట ప్రకారం అది పురుగుకు ఆశ్రయం కాబట్టి తీసేయాలి. అయితే పట్టిక చూడకుండా ఆ పని చేయవద్దు. వావిలి మీది కొద్దిపాటి లార్వాల్లో పరాన్నజీవుల శాతం టేకు మీదకంటే నిలకడగా ఎక్కువగా ఉంటే, ఆ పొద శత్రు కీటకాలను పోషిస్తోందని అర్థం, ఉంచాలి. అక్కడ లార్వాలు దండిగా ఉండి, పరాన్నజీవులు దాదాపు లేకపోతే తీసేయడమే మంచిది. ఈ నిర్ణయానికి ఒక్క ఏడాది లెక్క చాలదు. చిగురు కాలాలు రెండైనా చూడాలి.

రసాయన మందుల విషయానికి వస్తే, 1965లో కేరళలోని కోన్ని అనే అటవీ ప్రాంతంలో ఎండ్రిన్ అనే పురుగుమందును విమానం నుంచి చల్లి చూశారు. అన్నింటినీ చంపే అలాంటి మందులు ముందుగా చంపేది ఆకుల మీద వెతుకుతూ తిరిగే కందిరీగలను, ఈగలను. ఆకు మడతలో దాక్కున్న లార్వాకు మందు అందడం అంత తేలిక కాదు. పిచికారీ తప్పనిసరి అయితే, తొలి మడులను ముందే పట్టుకుని, లార్వాలు చిన్నవిగా ఉన్నప్పుడు బీటీ (బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాతో చేసిన మందు) వంటి జీవ సంబంధమైన మందును ఆ మడులకే పరిమితం చేసి, ఎండ తగ్గిన సాయంత్రం వేళ చల్లాలి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు బీటీనీ వైరస్‌నూ త్వరగా నిర్వీర్యం చేస్తాయి. చల్లే ముందు ఆ మడి నుంచి ఒక విడత లార్వాలను తెచ్చి పెంచడం, చల్లిన మూడవ రోజున మరో విడత తేవడం మరవకూడదు. మిగిలిన లార్వాల్లో పరాన్నజీవులు ఎంత మేరకు బతికాయో ఆ రెండు విడతల పోలికే చూపుతుంది.